జేబులో నారి

నా పాత విల్లు మూడు ముక్కలు.
మరలు విప్పితే వీపు సంచిలో ఒదిగిపోయేది.
ఇది అలా కాదు.
హేజెల్ ఇచ్చిన ఈ యూ కర్ర విల్లు
ఆరడుగుల ఒకే మాట.
విరవడమే తప్ప విప్పడం లేదు.

"భుజం అరిగిపోయింది, ఇక నువ్వు లాగు" అంది
డెబ్బై మూడేళ్ళ మనిషి,
టీ కప్పు కూడా ఎడంచేత్తోనే ఎత్తుతూ.
మేనల్లుడి కారులో తెచ్చి మా గుమ్మంలో దింపిపోయింది.
అక్కణ్ణించి కొండమీదికి ఎలా తేవాలో
ఇద్దరం అనుకోలేదు.

వారానికి అయిదు రోజులు
హాలిఫాక్స్‌లో బస్సు నడుపుతాను.
నా బస్సులో అయితే
పసిపిల్లల బండి పక్కన నిలబెట్టేదాన్ని,
టికెట్ కూడా కొట్టేదాన్ని కాదు.
ఆదివారం అటు బస్సు లేదు.
ఉన్నది పదహారేళ్ళ హోండా,
చలికి దగ్గుతూ లేస్తుంది.

పొద్దున్నే పెరట్లో, చినుకుల్లో,
సైలెన్సర్ లేని వైపు చూసుకుని
ఇంజన్ కడ్డీకి ఒక కట్టు,
వెనక పాదం పెట్టేచోట ఒకటి,
సీటు తోకకి ఇంకొకటి.
ఇనుముకీ కర్రకీ మధ్య పాత తువ్వాలు.
బాణాలకి చూరునీళ్ళ గొట్టం
ప్లంబింగ్ కొట్లో ముప్ఫై అంగుళాలకి కోయించి
రెండు మూతుల్లోనూ మేజోళ్ళు కుక్కాను.
ఈకలు నలగకుండా పన్నెండు బాణాలు
ఒకటి అటు తల, ఒకటి ఇటు తల,
పెళ్ళింట్లో పిల్లల్లా పడుకున్నాయి.

వెనక రెండడుగుల కర్ర పొడుచుకొచ్చింది.
బెంజి సర్కిల్లో ఇనుప చువ్వల లారీలు గుర్తొచ్చాయి,
తోక చివర ఎర్రగుడ్డ,
దాని వెనకే స్కూటర్ బ్రేకు తొక్కుతూ మా బాబాయి:
"ఆ గుడ్డ చూసి బతుకుతున్నామే!"
పాత జాకెట్టు చెయ్యి చింపి కట్టాను.
ఈ దేశంలో దాన్నేమనుకుంటారో తెలీదు.
ఎదురింటి బ్రెండా కిటికీలోంచి చూసి
బొటనవేలెత్తింది.

నారి మాత్రం కట్టలేదు.
ప్రయాణంలో విల్లు ఎక్కుపెట్టి ఉండకూడదు,
వంపు అలవాటైపోతే
కర్ర నిటారుగా ఉండటం మర్చిపోతుంది.
హేజెల్ చెప్పిన మొదటి పాఠమది.
మైనం పట్టించిన తాడుని చుట్టచుట్టి
కోటు లోపలి జేబులో వేసుకున్నాను.
దాన్ని మా భాషలో ఏమంటారో చెప్పినరోజు
చాలాసేపు నవ్వింది.
"ఆడదానికీ అదే మాటా? ఎవరు పెట్టారు?"
"ఎప్పుడూ లాగి కట్టి ఉంచినవాళ్ళే అయ్యుంటారు."

హెబ్డెన్ బ్రిడ్జ్ దాటాక ఏటవాలు. పైన గాలి.
బస్సుని నెట్టే అడ్డగాలి నాకు తెలుసు,
దానికి పన్నెండు టన్నుల జవాబుంటుంది.
ఇక్కడ నేను, హోండా, ఓ కర్ర.
విల్లు గాలినందుకుని బండిని మళ్ళించబోతుంది,
నేను మోకాలితో వద్దంటాను.
గుడ్డతొడుగు లోంచి సన్నటి మూలుగు.
అద్దంలో సగం ఎర్రగుడ్డే.
అద్దాలు చూసి జీతం తీసుకునేదాన్ని,
వెనకేముందో తెలీకుండా ఎనిమిది మైళ్ళు వెళ్ళాను.
గొర్రెలు దాటకుండా రోడ్డుకడ్డంగా పరిచిన
ఇనుప కమ్మీల మీద పళ్ళు టకటకలాడాయి.

మైదానంలో మడతకుర్చీ, అందులో హేజెల్,
ఒళ్ళో ఫ్లాస్కు.
గొట్టానికి ఒక మేజోడు లేదు.
లెక్కపెట్టింది. పదకొండు.
"ఒకటి విల్లుతో పనిలేకుండానే వెళ్ళింది" అంది,
"పోనీ, దాని పనేదో దానికుంటుంది."

నారి ఎక్కించబోతే వద్దంది.
హ్యాండిల్ వదిలి పది నిమిషాలైనా
వేళ్ళలో ఇంజన్ ఇంకా తిరుగుతోంది.
"అది ఆగనీ. టీ తాగు."
పొగమంచులో గడ్డి గురి ఓసారి కనబడింది,
ఓసారి లేదు.
తీరా జేబులోంచి తీస్తే
నారి వెచ్చగా ఉంది,
మైనం కొంచెం వేలికంటింది.

తిరిగొస్తూ ఆ కమ్మీల దగ్గర బండాపి
హెదర్ పొదలన్నీ వెతికాను.
మేజోడు దొరికింది.
తడిసిపోయి, ఓ గొర్రె మూతి దగ్గర.